సీసం తీసేస్తే ఏం పెట్టాలి? సీసం లేని పెరోవ్‌స్కైట్‌లలో ఎంపిక

2009లో జపాన్‌లో త్సుతోము మియాసాకా బృందం పెరోవ్‌స్కైట్ (ఒకే తరహా స్ఫటిక నిర్మాణం ఉన్న పదార్థాల కుటుంబం)తో సౌర ఘటం చేసినప్పుడు దాని సామర్థ్యం 3.8 శాతం. ఆ కుటుంబానికే చెందిన సీసపు పెరోవ్‌స్కైట్ ఘటాలు ఇప్పుడు ధ్రువీకరించిన కొలతల్లో 26 శాతం దాటాయి. అందులోని విషపు సీసాన్ని తీసేసి మరో లోహాన్ని పెట్టాలనుకున్న దగ్గర్నుంచి బేరం మొదలవుతుంది. బాగా కరెంటు ఇచ్చే పదార్థాలు గాలిలో నిలవవు. గాలిలో నిలిచేవి చాలినంత కరెంటు ఇవ్వవు. రెండూ ఉన్నట్టు కనిపించేదాన్ని పలుచని పొరగా వేయడమే కష్టం. కాబట్టి మీ ఘటం ఎక్కడ పనిచేయాలో ముందు తేల్చుకుంటే, ఏ లోపాన్ని భరించవచ్చో తెలుస్తుంది. పదార్థం పేరు ఆ తర్వాత సంగతి.

అసలు సీసం తీయాలా?

కొందరికి ఆ అవసరమే ఉండకపోవచ్చు. లెక్క సులువు. బాగా తెలిసిన సీసపు పెరోవ్‌స్కైట్ అయిన మిథైల్ అమ్మోనియం సీసం అయొడైడ్ పొర మందం 500 నానోమీటర్లు అనుకుందాం. చదరపు మీటరుకు అది అర ఘన సెంటీమీటరు పదార్థం. సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.16 గ్రాములు కాబట్టి మొత్తం బరువు రెండు గ్రాముల పైచిలుకు. అందులో సీసం వాటా మూడో వంతు. అంటే చదరపు మీటరుకు సుమారు 0.7 గ్రాముల సీసం. సాధారణ సిలికాన్ ప్యానెల్‌లో తీగలు అతికించే టంకంలో ఉండే సీసం ఇంతకంటే తక్కువేమీ కాదు.

తేడా సీసం ఉన్న రూపంలో ఉంది. టంకంలో అది లోహం, ఇక్కడ లవణం. సీసం అయొడైడ్ గది ఉష్ణోగ్రత దగ్గర లీటరు నీటిలో 0.7 గ్రాముల వరకు కరుగుతుంది. పెరోవ్‌స్కైట్ నుంచి నేలలో కలిసిన సీసం మామూలు సీసపు కాలుష్యం కన్నా సుమారు పది రెట్లు సులువుగా పుదీనా మొక్కల్లోకి చేరుతుందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అదే ఏడాది మరో బృందం ఘటానికి రెండు వైపులా సీసాన్ని పట్టుకునే పొరలు వేసి, అది దెబ్బతిన్నా 96 శాతానికి పైగా సీసం బయటికి రాకుండా ఆపింది. ఇంటి కప్పు మీది ప్యానెల్ విషయంలో ఈ రెండో దారి నాకు ఎక్కువ ఆచరణీయంగా కనిపిస్తుంది.

నిబంధనల సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రమాదకర పదార్థాలను పరిమితం చేసే యూరోపియన్ యూనియన్ రోహ్స్ నిబంధన ప్రకారం ఎలక్ట్రానిక్ వస్తువులోని ఏ సజాతీయ పదార్థంలోనూ (విడి భాగాలుగా ఇక విడదీయలేని పదార్థంలోనూ) సీసం బరువులో 0.1 శాతం మించకూడదు. మన పొరలో ఉన్నది 33 శాతం. అయితే నిపుణులు ఒకచోట శాశ్వతంగా బిగించే సౌర ఫలకాలకు ఇందులో మినహాయింపు ఉంది. జేబులో పెట్టుకునే, గోడకు అతికించే చిన్న పరికరాలకు ఆ మినహాయింపు వర్తించదు. అంటే సీసం మీద చట్టం గట్టిగా పట్టు బిగించేది పెద్ద సౌర క్షేత్రాల దగ్గర కాదు, చిన్న పరికరాల దగ్గర. యాంటిమొనీ, బిస్మత్‌ల దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

సీసానికి ఉన్న రెండు గుణాలు

ప్రత్యామ్నాయాలను తూచడానికి కొలబద్ద కావాలి. సీసం అయానులో రసాయన బంధాల్లో పాల్గొనని ఒక జత ఎలక్ట్రాన్లు బయటి కక్ష్యలో మిగిలి ఉంటాయి. వాటి వల్ల ఏర్పడే శక్తి పట్టీల తీరు ఎలాంటిదంటే, స్ఫటికంలో లోపాలున్నా అవి విద్యుదావేశాలను లోతుగా బంధించవు. ద్రావణం చుక్క వేసి, తిప్పి, వంద డిగ్రీల దగ్గర వేడి చేసిన నాసిరకపు పొర కూడా బాగా పనిచేయడానికి కారణం ఇదే. తగరం, జెర్మేనియం, బిస్మత్, యాంటిమొనీలకు కూడా అలాంటి జత ఉంది. టైటానియానికి లేదు.

రెండో గుణం, రెండు ధనావేశాల స్థితిని వదలకపోవడం. సీసాన్ని ఆ స్థితి నుంచి నాలుగుకు తోయాలంటే ప్రామాణిక విభవం 1.67 వోల్టులకు పైన. తగరానికి అది 0.15 వోల్టులు మాత్రమే. సీసం లేని పెరోవ్‌స్కైట్‌ల కష్టాల్లో సగం ఈ రెండు అంకెల మధ్య దూరంలోనే ఉన్నాయి.

తగరం: పరుగెత్తేది ఇదొక్కటే

ఎండలో కరెంటు కావాలి, సీసం అసలే వద్దు అంటే ఇవాళ ఎంచుకోదగినది తగరమే. దాని అయాను సీసం అయానుకు దాదాపు సమాన పరిమాణంలో ఉంటుంది కాబట్టి అదే త్రిమితీయ స్ఫటిక నిర్మాణంలో ఇమిడిపోతుంది. ఫార్మామిడినియం తగరం అయొడైడ్ బ్యాండ్ గ్యాప్ (పదార్థం గ్రహించగల కాంతికి ఉండాల్సిన కనీస శక్తి) సుమారు 1.4 ఎలక్ట్రాన్ వోల్టులు, సీజియం తగరం అయొడైడ్‌ది 1.3. ఒంటరి ఘటానికి సిద్ధాంతం సూచించే 1.34కు ఇవి సీసపు పెరోవ్‌స్కైట్ కన్నా దగ్గర. 2014లో ఆక్స్‌ఫర్డ్, నార్త్‌వెస్టర్న్ బృందాలు 6 శాతం పరిసరాల్లో మొదలుపెట్టాయి. ఆ తర్వాత ఈ ఘటాలు 15 శాతం కూడా దాటాయి.

ఇక చెడిపోయే తీరు. గాలిలోని ఆక్సిజన్ తగిలితే పొరలో కొంత భాగం తగరం ఆక్సైడ్‌గా, కొంత నాలుగు ధనావేశాల తగరం అయొడైడ్‌గా మారుతుంది. అంతటితో ఆగితే ఒక పూత పడినట్టే అయ్యేది. కానీ ఆ అయొడైడ్ తేమతో కలిసి హైడ్రోజన్ అయొడైడ్‌ను ఇస్తుంది, అది ఆక్సిజన్‌తో కలిసి అయొడిన్‌ను విడుదల చేస్తుంది, ఆ అయొడిన్ పక్కనున్న మంచి పెరోవ్‌స్కైట్‌ను ఆక్సీకరించి మళ్లీ అదే అయొడైడ్‌ను పుట్టిస్తుంది. 2021లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఈ వలయాన్ని వివరంగా చూపారు. పచ్చికర్రకు నిప్పంటుకున్నట్టు నెమ్మదిగా మొదలై, తన వేడితోనే తాను రాజుకుంటుంది. అందుకే తగరం విషయంలో ఆక్సిజన్‌ను ఆపి తేమను వదిలేయడం గానీ, తేమను ఆపి ఆక్సిజన్‌ను వదిలేయడం గానీ సగం పనే.

గాలి లేని గ్లవ్ బాక్స్‌లో (చేతి తొడుగుల ద్వారా పనిచేసే మూసిన పెట్టెలో) చేసినా బెడద తీరదు. బాగా వాడుకలో ఉన్న ద్రావణి డైమిథైల్ సల్ఫాక్సైడ్ వేడి చేసే దశలో తానే తగరాన్ని ఆక్సీకరిస్తుంది. సీసా తెరిచి చూస్తే ద్రావణం రంగు చాలావరకు చెప్పేస్తుంది. లేత పసుపు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. నారింజ దాటి ఎరుపుకు తిరిగితే అయొడిన్ చేరిందని అర్థం. తగరపు పొడి వేసి కలిపితే రంగు మళ్లీ పసుపుకు దిగుతుంది. వడకట్టి వాడుకోవచ్చు. కొన్న తగరం అయొడైడ్ స్వచ్ఛత మీద నమ్మకం లేనివారికి ఈ చిన్న పని చాలా రోజుల శ్రమ తప్పిస్తుంది.

పొరలో తగరం ఖాళీలు ఏర్పడితే ఒక్కో ఖాళీ ధనావేశ వాహకాలను పుట్టిస్తుంది. అవి మితిమీరితే పదార్థం అర్ధవాహకం కన్నా లోహంలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. ఈ ఖాళీలను తగ్గించడానికి తగరం ఫ్లోరైడ్‌ను సాధారణంగా తగరం అయొడైడ్‌కు 10 మోల్ శాతం నిష్పత్తిలో కలుపుతారు. ఎక్కువైతే అది విడిపోయి మచ్చలుగా తేలుతుంది. ఫినైల్ ఇథైల్ అమ్మోనియం లాంటి పెద్ద అణువులను కొద్దిగా చేర్చితే స్ఫటికాలు నిదానంగా, ఒక దిశలో పెరుగుతాయి. వాటి నీటికి జడిసే భాగం తేమను కొంత అడ్డుకుంటుంది.

చాలామంది విస్మరించే విషయం ఇంకొకటి ఉంది. సీసపు ఘటాల నుంచి అరువు తెచ్చుకున్న, ఎలక్ట్రాన్లను బయటికి చేరవేసే పొరలు తగరానికి సరిపడవు. తగరపు పెరోవ్‌స్కైట్ వాహక పట్టీ (ఎలక్ట్రాన్లు కదిలే శక్తి స్థాయి) ఎత్తులో ఉంటుంది. పీసీబీఎం అనే ఫుల్లరీన్ (బంతిలాంటి కార్బన్ అణువు) పట్టీ కిందికి ఉండటంతో వోల్టేజీ అక్కడే జారిపోతుంది. 2020లో ఒక బృందం దానికి బదులు ఐసీబీఏ అనే మరో ఫుల్లరీన్ వాడి 0.94 వోల్టులు, 12.4 శాతం సామర్థ్యం సాధించింది. అంతకాలం పదార్థం మీద వేసిన నిందలో కొంత భాగం పక్క పొరకు చెందాల్సింది. కింది వైపు సాధారణంగా వాడే పెడాట్-పీఎస్‌ఎస్ అనే వాహక పాలిమర్ పొరకు ఆమ్ల స్వభావం ఉంది, నీటిని కూడా పీలుస్తుంది. దీర్ఘకాలం నిలవాలనుకునే ఘటంలో దాన్ని అలాగే ఉంచడం నాకు నచ్చదు.

తగరం ఎంచుకున్నాక లోహానికి తోడుగా స్ఫటికం లోపల ఏ ధనాయాను (ధనావేశమున్న అయాను) పెట్టాలి? మిథైల్ అమ్మోనియం వద్దు, వేడికి ఎగిరిపోయే స్వభావం దానిది. సామర్థ్యం ముఖ్యమైతే ఫార్మామిడినియం. వేడికి తట్టుకోవడం ముఖ్యమైతే సీజియం. కాకపోతే సీజియం తగరం అయొడైడ్ నల్లని దశ నుంచి కాంతిని సరిగా గ్రహించని పసుపు దశకు జారుకునే అలవాటున్నది. గాలి తగిలితే మరింత త్వరగా మారుతుంది.

విషతుల్యత గురించి ఒక మాట. తగరం డబ్బాల్లో తిండి తింటున్నాం కాబట్టి ఇది నిరపాయకరం అనే ధీమా సరికాదు. 2016లో జీబ్రా చేపల పిండాలపై జరిగిన అధ్యయనంలో తగరం అయొడైడ్ సీసం అయొడైడ్ కన్నా తక్కువ మోతాదులోనే ప్రాణం తీసింది. కారణం లోహం కాదు, నీటిలో విడిపోయినప్పుడు పుట్టే ఆమ్లం. ఇది సీసంలా ఒంట్లో పేరుకుపోయే విషం కాదన్నది నిజమే. అయినా తగరపు ఘటానికీ గట్టి సీలు తప్పదు.

జెర్మేనియం: ఒంటరిగా వద్దు

రెండు ధనావేశాల స్థితిలో ఇది తగరం కన్నా అస్థిరం. దీనితో మాత్రమే చేసిన ఘటాలు 2015లో 0.2 శాతం దగ్గర ఆగాయి. కానీ తగరంతో సగం సగం కలిపినప్పుడు కథ మారింది. 2019లో సీజియం తగరం జెర్మేనియం అయొడైడ్ ఘటం 7.11 శాతం ఇచ్చింది. నైట్రోజన్‌లో, నిరంతర కాంతి కింద 500 గంటలు పనిచేసినా 10 శాతం కన్నా తక్కువే కోల్పోయింది. పైన తనంతట తానే ఏర్పడే జెర్మేనియం ఆక్సైడ్ పూత లోపలి పొరను కాపాడుతుంది. ఆక్సీకరణ గుణాన్నే కవచంగా మలచుకున్న ఈ ఆలోచనకు రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం. అయితే జెర్మేనియం ఖరీదైనది, అరుదైనది.

సీజియం వెండి బిస్మత్ బ్రోమైడ్: అందరికీ నచ్చే తప్పు ఎంపిక

రెండు సీసం అయానుల స్థానంలో ఒక వెండి, ఒక బిస్మత్ పెడితే ఆవేశాల లెక్క సరిపోతుంది. 2016లో ఈ జంట పెరోవ్‌స్కైట్ గురించి పలు బృందాలు దాదాపు ఒకేసారి ప్రకటించాయి. నాలుగు వందల డిగ్రీల దాకా విడిపోదు, గాలికి బెదరదు, స్ఫటికంలో ఆవేశాల జీవితకాలం వందల నానోసెకన్లు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

ఎండ కింద పెడితే తెలుస్తుంది. బ్యాండ్ గ్యాప్ 2 ఎలక్ట్రాన్ వోల్టుల పరిసరాల్లో ఉంది, పైగా పరోక్షం, అంటే కాంతిని బలహీనంగా గ్రహిస్తుంది. ఎరుపు కాంతి అంతా వృథా. కాంతిని పట్టడానికి పొర మందంగా కావాలి. పలుచని పొరలో ఎలక్ట్రాన్లు పదుల నానోమీటర్ల దూరమే పోగలవు కాబట్టి మందం పెంచినా సేకరణ కుదరదు. ఆవేశాలు స్ఫటిక జాలకాన్ని తమ చుట్టూ వంచుకుని అక్కడే చిక్కుకుపోవడం దీని స్వభావంలోనే ఉంది. లోపాలు తగ్గించినంత మాత్రాన ఇది పోదు. సాధారణంగా ఇలాంటి ఘటాలు 2, 3 శాతం ఇచ్చాయి. 2022లో హైడ్రోజన్‌ను జాలకంలోకి చొప్పించి బ్యాండ్ గ్యాప్‌ను 1.64కు దించినప్పుడు 6.37 శాతం వచ్చింది. గ్యాప్‌ను దించడానికి బ్రోమిన్ బదులు అయొడిన్ పెడదామంటే ఆ సమ్మేళనం స్థిరంగా ఏర్పడదు.

కొత్తగా ఈ రంగంలోకి వచ్చే విద్యార్థి దీన్ని ఎంచుకోవడానికి కారణం అర్థం చేసుకోగలను. గ్లవ్ బాక్స్ అక్కర్లేదు, నమూనా మర్నాటికీ అలాగే ఉంటుంది. పదార్థ భౌతికశాస్త్రం నేర్చుకోవడానికీ, ఎక్స్-రే గ్రాహకాలకూ ఇది నిజంగా మంచిదే. సౌర ఘటం కోసమైతే వద్దంటాను.

యాంటిమొనీ, బిస్మత్ అయొడైడ్‌లు: గది లోపలి వెలుతురుకు

సీజియంతో కలిసి ఇవి ఏర్పరిచే అయొడైడ్‌లు కచ్చితంగా పెరోవ్‌స్కైట్ నిర్మాణాలు కావు. బిస్మత్ సమ్మేళనంలో లోహం చుట్టూ ఆరు అయొడిన్లు చేరిన అష్టముఖులు జంటలుగా విడివిడిగా ఉంటాయి. యాంటిమొనీది రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి ఇలాంటి విడి జంటలది, ఇంకొకటి పొరల నిర్మాణం. కావలసింది పొరలదే, ఎందుకంటే ఆవేశాలు కదలడానికి దారి ఉండేది అందులోనే. క్లోరిన్ కొద్దిగా చేర్చితే ఆ రూపం వైపు మొగ్గుతుంది. బ్యాండ్ గ్యాప్‌లు 2 ఎలక్ట్రాన్ వోల్టులు, కొంచెం అటూ ఇటూ. ఎండలో సామర్థ్యం అంతంతమాత్రమే.

గదిలో పరిస్థితి వేరు. ఎల్ఈడీ వెలుతురులో పరారుణ కాంతి ఉండదు. అక్కడ అనుకూలమైన బ్యాండ్ గ్యాప్ సుమారు 1.9 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎండలో లోపమైన విశాలమైన గ్యాప్ ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. 2021లో క్లోరిన్ కలిపిన సీజియం యాంటిమొనీ అయొడైడ్ గది వెలుతురులో 4 శాతం పైగా ఇచ్చింది. చిన్న పరికరాల్లో ఇప్పటికే వాడుకలో ఉన్న అమార్ఫస్ సిలికాన్ శ్రేణికి ఇది చేరువే. వెయ్యి లక్స్ వెలుతురులో చదరపు సెంటీమీటరుకు అందేది సుమారు 0.3 మిల్లీవాట్లే అయినా, అప్పుడప్పుడు ఒక అంకె పంపే సెన్సార్‌కు కావలసింది కూడా అతి తక్కువ. రోహ్స్ మినహాయింపు వర్తించని వస్తువులు ఇవే. సీసం లేకపోవడానికి ఇక్కడ నిజమైన విలువ ఉంది.

ఈ రెండింటిలో ఏది? పనితీరులో ప్రస్తుతం యాంటిమొనీ ముందుంది. ఆరోగ్యం విషయంలో బిస్మత్‌కే నా ఓటు. బిస్మత్ లవణాలను కడుపు మందుల్లో వాడతారు. మూడు ధనావేశాల యాంటిమొనీని మాత్రం అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బహుశా క్యాన్సర్ కారకం అనే వర్గంలో చేర్చింది. విషం తగ్గించడానికి సీసం తీసేసినవారు ఈ వాక్యాన్ని దాటవేయకూడదు. వెండి బిస్మత్ అయొడైడ్‌లు 2017లోనే ఎండలో 4.3 శాతం చూపాయి కాబట్టి బిస్మత్ వైపు దారి మూసుకుపోలేదు.

దూరపు పందేలు

నాలుగు ధనావేశాల తగరంతో వచ్చే సీజియం తగరం అయొడైడ్‌లో ఆక్సీకరణ సమస్య లేదు, ఎందుకంటే ఆక్సీకరణ అప్పటికే జరిగిపోయింది. గాలిలో నిలుస్తుంది, రంగు నలుపు, కానీ కాంతిని గ్రహించే పొరగా దీని సామర్థ్యం 1 శాతం పరిసరాల్లోనే తచ్చాడుతోంది. టైటానియం బ్రోమైడ్ రకం 2018లో 3.3 శాతంతో ఆశలు రేపింది. గాలిలో దాని నిలకడపై తర్వాత వచ్చిన పరిశీలనలు ఆ ఆశను బాగా తగ్గించాయి. రెండింటినీ వదిలేయమంటాను.

వదలకూడనిది బేరియం జిర్కోనియం సల్ఫైడ్. ఇందులో హాలోజన్ లేదు, కరిగిపోయే లవణం లేదు, సీసం లాంటి విషపు లోహం లేదు. బ్యాండ్ గ్యాప్ 1.7 నుంచి 1.9 ఎలక్ట్రాన్ వోల్టులు. సిలికాన్ మీద జంట ఘటంగా (ఒకదానిపై ఒకటి పేర్చిన రెండు ఘటాలుగా) పెట్టడానికి యోగ్యం. కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. తేమకూ గాలికీ చలించదు. ఇన్ని ఉండి కూడా చెప్పుకోదగ్గ ఘటం ఇంకా రాకపోవడానికి కారణం కొలిమి. సంప్రదాయ పద్ధతిలో ఇది 900, 1000 డిగ్రీల దగ్గర తయారవుతుంది. గాజు, పారదర్శక వాహక పొర ఆ వేడిని తట్టుకోలేవు. 500, 600 డిగ్రీలకు దించే మార్గాలు ఇటీవల వచ్చాయి. సల్ఫర్ ఆవిరితో పనిచేసే కొలిమి, ఓపిక, దీర్ఘకాల నిధులు ఉన్న ప్రయోగశాలకు ఇది మంచి పందెం. మూడేళ్లలో డాక్టరేట్ ముగించాల్సిన వారికి కాదు.

సీసాన్ని పూర్తిగా తీసేయడం కన్నా తగ్గించడమే లక్ష్యమైతే తగరం, సీసం సగం సగం కలిపిన కూర్పు ఒకటుంది. దాని బ్యాండ్ గ్యాప్ 1.25 దగ్గర, అంటే రెండు మాతృ పదార్థాల కన్నా కిందికి వస్తుంది. సామర్థ్యం 20 శాతం ఎప్పుడో దాటింది. పెరోవ్‌స్కైట్ జంట ఘటాల్లో కింది సగానికి వాడేది ఇదే. నిబంధనల దృష్టిలో మాత్రం అది సీసపు పదార్థమే.

స్థిరంగా ఉందన్న మాటను ఎలా చదవాలి

వెయ్యి గంటలు నిలిచింది అని రాసి ఉంటే, ఎక్కడ అని అడగండి. నైట్రోజన్ నింపిన పెట్టెలో, చీకట్లో, గది ఉష్ణోగ్రత దగ్గర నిలవడం నిల్వ కాలం అవుతుంది కానీ పని కాలం కాదు. 2020లో పరిశోధకులు ఉమ్మడిగా అంగీకరించిన ఐసాస్ పద్ధతులు ఈ తేడాలకు పేర్లు పెట్టాయి. చీకటి నిల్వకు డి, కాంతి కింద పనిచేయడానికి ఎల్, ఉష్ణోగ్రత మార్పులకు టి. వాణిజ్య ప్యానెళ్ల పరీక్ష ఇంకా కఠినం. 85 డిగ్రీలు, 85 శాతం తేమలో 1000 గంటలు, మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 ఆవృతులు. మొదట్లో ఎంత సామర్థ్యం ఉందో కూడా చూడండి. 2 శాతం ఇచ్చే ఘటం 95 శాతం నిలుపుకుందంటే నిలుపుకున్నది 1.9. పది శాతం ఇచ్చే తగరపు ఘటం సగం కోల్పోయినా ఇంకా దానికి రెండున్నర రెట్లు ఇస్తుంది.

మీరే కూర్పు తయారు చేస్తుంటే పూర్తి ఘటం కట్టేదాకా ఆగనక్కర్లేదు. ఒకే విడత పొరలను మూడు చోట్ల పెట్టండి. నైట్రోజన్‌లో, చీకట్లో, 85 డిగ్రీల దగ్గర ఒకటి. అక్కడ రంగు మారితే లోపం స్ఫటిక దశలోనో ధనాయానులోనో ఉంది, ఎంత సీలు వేసినా ఫలితం ఉండదు. రెండోది పొడి గాలిలో. ఇక్కడ మాత్రమే చెడితే ఆక్సీకరణ, దానికి సంకలితాలూ సీలూ పనికొస్తాయి. మూడోది తేమగాలిలో. పొడి గాలిలో నిలిచి ఇక్కడ కూలితే తగరపు అయొడిన్ వలయాన్ని అనుమానించండి. పొరల మీద ఈ మూడూ తేలాకే కాంతి కింద, గరిష్ఠ శక్తి బిందువు (అత్యధిక శక్తి ఇచ్చే వోల్టేజీ) వద్ద నడిచే ఘటానికి వెళ్లండి. గాజు మూత, అంచుల సీలు ఖర్చు మొదటి చోట రంగు మారని కూర్పుకే పెట్టండి.